ఆదివారం తడి

కోయిలకుంట్ల నల్లరేగడిలో ముప్పై ఏళ్లు శనగ పండించిన సంజీవయ్యకు నేల గురించి ఒకరు చెప్పాలా! మామ పోయాక ఆళ్లగడ్డ దగ్గర వాగొడ్డున అరెకరం ఇసుక చేను భార్య బాలమ్మకు వచ్చింది. అందులో వంగ నాటి, పూత చూసి మురిసిపోయాడు.

ఇసుక నేల రోజూ కాస్త తడి అడుగుతుంది. సంజీవయ్యేమో ఆదివారం పార పట్టడు. అది వాళ్ల నాయన పెట్టిన నియమం. నల్లరేగడి ఆ నియమానికి ఎన్నడూ అడ్డురాలేదు, ఒక్క తడి పెడితే వారాల తరబడి నెమరేసుకుంటుంది. అందుకే ఇక్కడా శనివారమే రెండు రోజుల నీళ్లు కట్టేశాడు. ఎడారిలో ఇశ్రాయేలీయులు, దేవుడు రోజూ కురిపించిన ఆహారం మన్నాను విశ్రాంతి దినానికని ముందురోజే రెండింతలు ఏరుకోలేదా?

సోమవారానికి మొక్కలు తలలు వాల్చాయి. మూడు ఆదివారాలు గడిచేసరికి సగం పూత సాళ్లలో రాలింది.

"రెండింతలు కట్టినా గదే! నీళ్లు యాడికి పోతాండాయి?" అన్నాడు ఆ తర్వాతి శనివారం.

బాలమ్మ ఆ ఇసుకలోనే పుట్టి పెరిగిన మనిషి. "అడుక్కు పోతాండాయి. దాపెట్టుకునేకి ఇసుకకు కడుపుందా ఏంది? రేపు గూడా తడి తప్పితే ఉండే పూత పాయె. నేను కడతా, నువ్వు చర్చికి పో."

"నా ఇంట్లో ఆదివారం ఎవరూ పార పట్టేది ల్యా."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు! అన్నాడే గానీ, పూతంతా పోతుందని లోపల బెంగగానే ఉంది.

మర్నాడు చర్చిలో అందరితో పాటు కళ్లు మూసుకుని ప్రార్థన చెబుతున్నాడు. "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" దగ్గర నోరు ఆగిపోయింది. వారానికి సరిపడా ఒకేసారి ఇమ్మని తానెన్నడూ అడగలేదు. ఆదివారం తిండి ఆదివారమే అడిగాడు. ఆ దేవుడూ ఆదివారమని పస్తు పెట్టలేదు. సిగ్గేసింది. ఆమెన్ అని, ఎవరి వైపూ చూడకుండా బయటికి నడిచాడు.

ఆరాధన ముగిశాక బాలమ్మ చేనికి వచ్చింది. మోటారు ఆడుతోంది. తెల్లపంచె ఎగగట్టి సంజీవయ్య సాలు పక్కన గొంతుక్కూర్చున్నాడు. సగం చేను తడిసింది.

"ఏమయ్యా, ఆదివారం పార పడితివే!"

"పార యాడుంది? ఇంట్లోనే ఉంది, పోయి చూడుపో," అంటూ ఇసుక అంటిన రెండు చేతులూ చూపించాడు. "ఈడ మట్టి చేత్తో తోస్తే పోతాంది."

బాలమ్మ నవ్వి, కొంగు దోపుకుని, తర్వాతి సాలుకు చేతులతోనే దారి తీసింది.