ముత్తమ్మాళవ్వ గొంతుకు గెయిన్

మైకు ముందుండే స్పాంజి తొడుగును సబ్బునీళ్లలో పిండి ఆరేయడం నా పని. కేబుళ్లు చుట్టిపెట్టడం, వచ్చినవాళ్లకు టీ ఇవ్వడం కూడా. తమిళనాడు ధర్మపురిలో మా ఇంటి ముందు గదే రికార్డింగ్ స్టూడియో. బోర్డు మీద మాత్రం మా ఆయన మోహన్‌రాజ్ పేరొక్కటే ఉంటుంది. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసింది నేను. సాఫ్ట్‌వేర్ ఎక్కించిందీ, మైకులోని గొంతును పెంచి కంప్యూటర్‌కు అందించే ప్రీయాంప్‌ను దానికి కలిపిందీ, ఏ మైకుకు ఎంత గెయిన్, అంటే ఎంత పెంపు, పెట్టాలో చూసిందీ నేనే. "అదంతా మనలో మనకు. కస్టమర్ ముందర నువ్వు మిషను ముట్టుకుంటే నాకేం మర్యాద?" అన్నాడు మొదటి నెలలోనే. "మొగోడు కూర్చునే కుర్చీలో ఆడది కూర్చుంటే యాపారం పడుకుంటాది" అని మా అత్త పెరుమాయి ఇంకో మెట్టు ఎక్కింది. వాళ్లు బయటికి పోయినప్పుడు ఆ కుర్చీలో కూర్చుని సెట్టింగులు సరిచేసి, వచ్చేలోపల లేచిపోయేదాన్ని. మూడేళ్లు అలా దొంగలా బతికింది తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఆ రోజు నల్లంపల్లి నుంచి ముత్తమ్మాళవ్వ వచ్చింది, మనవరాలు యోగలక్ష్మిని వెంటబెట్టుకుని. వచ్చే వారం యోగలక్ష్మి పెళ్లి. పసుపు దంచేటప్పుడు మావాళ్లు తెలుగులో పాడే పాటలు ఆ ఇంట్లో అవ్వకు తప్ప ఎవరికీ రావు. అవి పోకుండా పట్టి ఉంచుకోవాలని ఆ పిల్ల ఆశ. అవ్వ ముప్పై ఏళ్లు కట్టడం పనిలో ఇటుకలు మోసిన మనిషి. కాంక్రీట్ కలిపే మిషను మోతలో కింద నుంచి పిలిస్తే మూడో అంతస్తుకు వినబడాలి. ఆ గొంతు అలాంటిది.

మోహన్‌రాజ్ ప్రీయాంప్ నాబ్‌ను తన ప్రకటనలకు తిప్పి పెట్టుకున్న చోటే వదిలేశాడు. ఆయన మైకుకు నోరు ఆనించి గుసగుసగా చదువుతాడు కాబట్టి అక్కడ గెయిన్ బాగా ఎక్కువ. అవ్వ మొదటి మాట ఎత్తుకోగానే మీటర్ పైదాకా పోయి ఎర్రబడింది.

"మెల్లగా పాడవ్వా."

పాడింది. మళ్లీ ఎరుపు.

"ఇంకా మెల్లగా. ఆడోళ్ల గొంతుతో ఎప్పుడూ ఇదే తలనొప్పి."

సాఫ్ట్‌వేర్‌లో, లోపలికి వచ్చేసిన శబ్దాన్ని పెంచి తగ్గించే ఫేడర్‌ను కిందికి లాగాడు. ఎరుపు పోయింది కానీ చీలిక పోలేదు. లోపలికి వచ్చేటప్పుడే పగిలిన శబ్దాన్ని తరువాత ఎంత తగ్గించినా అది పగిలిందే, చిన్నగా వినబడుతుంది, అంతే.

"మామా, ప్రీయాంప్‌లో గెయిన్ తగ్గించాల" అన్నాను గుమ్మంలో నుంచి.

ఆయన తిరిగి చూడలేదు. "టీ ఏమాయె ఇళవరసీ?"

మూడోసారి అవ్వ గొంతు నొక్కుకుని పాడింది. పెళ్లి పాట ఏడుపులా వచ్చింది. హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టేసింది. "విడు తంబీ. నా గొంతు మిషనుకు పడదు. పోదాం రా పాపా." యోగలక్ష్మి కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు మాత్రం కోపం వచ్చింది. తప్పు ఒక నాబ్‌ది, సిగ్గుపడేది ఈ ముసలామె! ఇలా గుమ్మం దాటితే ఆమె మళ్లీ నోరు విప్పి పాడదు. అది తెలిసీ ఊరుకుంటే ఆమెను మెల్లగా పాడమన్నవాళ్లలో నేనూ ఒకదాన్నవుతాను.

"కూర్చో అవ్వా. మామా, మీరు లేయండి."

"కస్టమర్ ఉండారు" అన్నాడు పళ్లు బిగించి.

"అందుకే."

కుర్చీని ఆనుకుని నిలబడ్డాను. వాళ్లిద్దరూ చూస్తుండేసరికి లేవక తప్పలేదు ఆయనకు. కూర్చుని, ఫేడర్‌ను ఉండాల్సిన చోటికి తెచ్చి, మైకును జానెడు దూరం జరిపాను.

"మూడో అంతస్తుకు పిలిచినట్టు పాడవ్వా. అంతకు తగ్గొద్దు."

అనుమానంగానే ఎత్తుకుంది. ఆమె పాడుతుంటే ప్రీయాంప్ నాబ్‌ను కొంచెం కొంచెంగా వెనక్కి తిప్పాను. ఎంత గట్టిగా పాడినా మీటర్ పచ్చలోనే నిలిచేదాకా తిప్పి, "ఇప్పుడు మొదటి నుంచి" అని రికార్డ్ నొక్కాను.

అయ్యాక వినిపించాను. అవ్వ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "నేనేనా ఇది?" అని, అలవాటు కొద్దీ మోహన్‌రాజ్ వైపు తిరిగింది. "తంబీ, ఇంకా నాలుగు పాటలుండాయి. పాడనా?"

ఆయన నోరు తెరిచాడు.

"నన్ను అడుగవ్వా" అన్నాను.