అమ్మ పేరు మీద అరవై ప్రశ్నలు

2008లో విరుదునగర్ కాలేజీలో నా చివరి ఏడాది ప్రాజెక్టు కంప్యూటర్‌లో ఒక వెతికే పెట్టె. రెండక్షరాలు కొడితే చాలు, మీరేం అడగబోతున్నారో అదే ముందు చెప్పాలి. మీరు ఎంచుకున్నవి చూసి నేర్చుకుంటూ మనిషికో రకంగా మారాలి. వెతకడానికి తమిళ పాఠ్యపుస్తకాలూ పాత పత్రికలూ ఎక్కించాను. మా ఇంట్లో తెలుగు నోటికే, చదువూ రాతా తమిళమే. దాంట్లో కొట్టిన తమిళాన్నే ఇక్కడ తెలుగులో చెబుతున్నాను.

దానికి నేర్పడానికి మనుషులు కావాలి. కోవిల్‌పట్టిలో మా ఇంటి కంప్యూటర్ ముందు ఎదురింటి సెల్లత్తాయి అత్తనీ, ఇంకో ముగ్గురినీ కూర్చోబెట్టాను. నలుగురూ అమ్మతోపాటు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లే. కొత్త మనిషికి సలహాలేవీ రావని చూపించడానికి అమ్మ పేరు సీనియమ్మాళ్ కూడా చేర్చి, ఖాళీగా వదిలేశాను.

అమ్మ నా వెనక నిలబడి చూసింది.

"ఏమే జెయంతీ, మన మనసులోది దానికెట్ల తెలుస్తాది?"

"నీకెందుకుమా అదంతా? పోయి టీ పెట్టు."

పోయి టీ పెట్టింది.

ఇల్లలకగానే పండగ కాదని పరీక్ష రోజు తెలిసింది. ఇంట్లో నేర్పించిన ప్రోగ్రామునే కాలేజీకి తెచ్చాను. పరీక్షకు వచ్చిన రామకృష్ణన్ సారు నలుగురి పేర్ల మీదా 'అగ్గి' అని కొట్టించారు. నలుగురికీ 'అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ సెలవులు' అనే వచ్చింది. యంత్రం మాత్రం ఏం చేస్తుంది, అందరిదీ ఒకటే ఫ్యాక్టరీ, ఒకటే తలనొప్పి.

"మనిషికో రకం అన్నావు. అందరికీ ఒకటే చూపిస్తోందే?" అన్నారు సారు.

ఇది పోతే డిగ్రీ పోయినట్టే, చెన్నైలో వచ్చిన ఉద్యోగమూ పోయినట్టే. ఖాళీ పేరైనా చూపిద్దామని అమ్మ పేరు నొక్కి 'అగ్గి' కొట్టాను.

ఖాళీగా లేదు.

'అగ్గిపుల్ల గోడకు గీస్తే ఎందుకు అంటుకోదు?'
'అగ్గిపుల్లలు లేని కాలంలో పొయ్యి ఎలా ముట్టించేవారు?'

సారు కుర్చీ ముందుకు జరుపుకొని తనే 'ఉప్పు' అని కొట్టారు. సెల్లత్తాయి అత్తకు ఉప్పు ధర వచ్చింది. అమ్మకు 'ఉప్పు సముద్రంలోకి ఎలా వచ్చింది?' అని వచ్చింది. ఆమె పేరు మీద మొత్తం అరవై ప్రశ్నలున్నాయి.

"ఇదీ నేర్చుకోవడమంటే. ఎవరమ్మా ఈవిడ? టీచరా?"

"మా అమ్మ సార్. పెట్టెల్లో పుల్లలు నింపుతుంది."

పాసయ్యాను. బస్సులో సంతోషం కన్నా సిగ్గే ఎక్కువైంది. ఇరవై ఒక్క ఏళ్లు పక్కనే ఉన్న నాకు తెలియని అమ్మ, నేను రాసిన ప్రోగ్రాముకు తెలుసు.

ఇంటికి రాగానే అడిగాను. "ఇవన్నీ నన్నడగొచ్చు గదమా?"

"నువ్వు లేనప్పుడు దాన్నే అడిగితి. నిన్నడిగితే 'నీకెందుకుమా' అంటావు. అది అట్ల అనదు. ఇది గావాలా, అది గావాలా అని అదే అడుగుతాది."

పొయ్యి దగ్గర ఆమె పక్కన కూర్చున్నాను.

"సరేమా, నిజంగానే నాకు తెలీదు. పుల్ల గోడకు గీస్తే ఎందుకు అంటుకోదు?"

అమ్మ పుల్ల గీసి పొయ్యి ముట్టించి, నా వైపు చూసి నవ్వింది.

"నీకెందుకే అదంతా? పోయి టీ పెట్టు."