మా గుమ్మం ముందు టపాకాయలు

నాకు పదమూడేళ్ళపాటు ఒక సందేహం ఉండేది. ఒక ఇంటి గుమ్మం ముందు, ఆ ఇంటివాళ్ళెవరూ కాకుండా, దారిన పోయే మనిషి టపాకాయలు కాలిస్తే అమ్మవారికి ఆ చప్పుడు ఎవరింటిదిగా వినబడుతుంది?

నవ్వకండి. టపాకాయలు కాల్చేది పైనున్నవాళ్ళకి కబురు పంపడానికేనని మా సముద్రపు ఒడ్డున చిన్నపిల్లలకి కూడా తెలుసు. కొడుకు పుడితే, కొత్త పడవ నీళ్ళలోకి దిగితే, సముద్రం మీద మావాళ్ళని కాచే మాజూ అమ్మవారి పల్లకి వీధిలోకి వస్తే గుమ్మానికి ఎర్ర టపాకాయల జడ వేలాడదీసి కాలుస్తాం. ఎన్నికల్లో నిలబడ్డవాళ్ళు వచ్చినప్పుడూ అంతే. ఏ గుమ్మం ముందు జడ కాలితే ఆ ఇల్లు ఆ మనిషి వైపని లెక్క. అందుకే కాల్చేది మగవాళ్ళు. పొగ పట్టిన బట్టలు మళ్ళీ ఉతికేది మేము.

ఈ సందేహం గుడి పూజారిని అడిగితే, "ఇంట్లో పనేం లేదా తల్లీ?" అన్నాడు. సరే, అమ్మవారినే అడుగుదామని ఆవిడ ముందు చంద్రవంక చెక్కలు వేశాను. రెండు చెక్కల్లో ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడితే అవునని. రెండూ బోర్లా పడితే కాదని. రెండూ వెల్లకిలా పడితే అమ్మవారు నవ్విందని. నాకు ఎప్పుడు వేసినా నవ్వే పడింది.

నా మూడో పిల్ల పుట్టి నెల నిండిన రోజున జరిగిన సంగతి ఇది. మా దగ్గర బాలింత నెలరోజులు గాలి తగలకుండా, చన్నీళ్ళు ముట్టకుండా గదిలో ఉండాలి. కానీ మా అత్తగారు, "కొడుకుని కన్నదానికి నెల. కూతుర్ని కన్నదానికి ఇరవై రోజులు చాలు. అందులోనూ మూడోది" అన్నారు. ఇరవై ఒకటో రోజున వెనకగదిలో నా ముందు ఆల్చిప్పల బుట్ట వచ్చి పడింది. వేళ్ళకి రబ్బరు చుట్టుకుని, పొట్టి కత్తితో చిప్ప సందు వెతికి, తెరిచి, లోపలి మెత్తని ముక్కని గిన్నెలో వెయ్యడం. మళ్ళీ ఇంకో చిప్ప. ఈ ఊళ్ళో ఆడవాళ్ళందరం చేసేది ఇదే. అమ్మేది మగవాళ్ళు. ఎవరైనా అడిగితే మా ఆయన హువోషెంగ్, "మా ఆవిడా? ఇంట్లోనే ఉంటుంది" అంటారు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. నేను ఇంట్లోనే ఉంటాను, చీకటి పడేదాకా, బుట్ట ముందు.

బావగారికి కొడుకు పుట్టి నెల నిండినప్పుడు నువ్వులనూనెతో వండిన అన్నం వీధంతా పంచారు. వండింది నేనే. నా పిల్ల నెలకి పొయ్యి మీద ఏమీ ఎక్కలేదు. పేరు మాత్రం మామగారు పెట్టారు, చావ్‌తీ అని. తమ్ముణ్ణి వెంట తీసుకురమ్మని ఆ పేరు. దానికి పాలు తాగడం కూడా సరిగ్గా రాదు, అప్పుడే ఒక పని అప్పజెప్పారు.

ఆ రోజుల్లో సైనిక చట్టం ఉండేది. రాష్ట్ర సభలో మా జిల్లా సభ్యుడు థాంగ్ గారు ఒక ఊరేగింపులో మాట్లాడినందుకు జైల్లో ఉన్నారు. ఆయన బదులు ఆయన భార్య నిలబడింది. పేరు కో యువేషియా. బట్టలు కుట్టే దుకాణం నడిపే మనిషి. కానీ ఆ పేరుతో ఎవరూ పిలిచేవారు కాదు. అందరికీ థాంగ్ వదినే. వార్డు పెద్ద మా బావగారే. పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి, "ఆవిడ వచ్చేసరికి ఒక్క తలుపు కూడా తెరిచి ఉండకూడదు. ఎవరి గుమ్మంలో టపాకాయ పేలిందో రాసుకోడానికి ప్రభుత్వం మనుషులొచ్చారు" అని చెప్పి వెళ్ళారు.

"ఆ తల్లికి మాట్లాడడం రాదులే. ఏడిస్తే చాలు, జాలిపడి ఓట్లేస్తారు" అన్నారు మా ఆయన గడియ పెడుతూ.

ఆవిడ ఏడవలేదు. మూసిన తలుపుల మధ్య నడుచుకుంటూ, ఒక్కో తలుపుకీ ఆగి, వంగి దణ్ణం పెట్టుకుంటూ వచ్చింది. నేను కిటికీ సందులోంచి చూస్తున్నాను. వీధిలో మనుషులంటే గుమ్మాల బయట ఆల్చిప్పలు వలిచే ఆడవాళ్ళే. తలుపులు మూస్తే మూశారు గానీ బుట్టలు ఆగవు కదా. వాళ్ళలో మా అత్తగారు కూడా ఉన్నారు, తల దించుకుని.

ఆవిడ మా వెదురు గడ మీద ఆరేసిన పసిపిల్ల బట్టల ముందు ఆగింది.

"పాపా, బాబా పెద్దమ్మా?"

అత్తగారు తలెత్తలేదు. "ఏమీ లేదమ్మా. ఆడపిల్ల."

"నెల నిండిందా?"

"నిండింది. మూడోది."

ఆవిడ వెనక్కి తిరిగి, మెల్లగా వెంట వస్తున్న తన ప్రచారం లారీ డ్రైవర్ని పిలిచింది. ఆవిడ కోసం ఎవరైనా కాలుస్తారేమోనని తెచ్చుకున్న టపాకాయల కట్టలు, ఒక్కటీ విప్పనివి, లారీలో ఉన్నాయి. అందులోంచి ఒక జడ తీసి మా గుమ్మం పక్కనున్న మేకుకి తగిలించింది.

"అయ్యో, ఏంటమ్మా ఇది! ఆడపిల్లకి టపాకాయలేంటి? ఎవరైనా వింటే నవ్వుతారు."

"వచ్చిందని అమ్మవారికి తెలియొద్దా పెద్దమ్మా?" అంది ఆవిడ. డ్రైవర్ నోట్లోంచి సిగరెట్టు తీసుకుని దాంతో జడ అంటించింది.

ఎంత చప్పుడని! చిన్న వీధి, మూసిన తలుపులు. ఒక్కో పేలుడూ గోడకి కొట్టుకుని రెండుసార్లు వినబడింది. నా ఒళ్ళో పిల్ల ఉలిక్కిపడి చేతులు చాచింది గానీ ఏడవలేదు. పొగలో ఆవిడ చెవులు మూసుకోకుండా నిలబడి ఉంది. నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. భయంతో కాదు. గుళ్ళో పల్లకి లేచినప్పుడు అలా అవుతుంది.

ఆవిడ అటు వెళ్ళగానే అత్తగారు ఎర్ర కాగితం ముక్కలన్నీ నీళ్ళు కొట్టి కడిగేశారు. శుభానికి కాల్చినవి ఊడ్వకూడదంటారు. ఆ రోజు ఊడ్చారు. కుళాయి నీళ్ళలో ఎర్రగా కొట్టుకుపోతుంటే నేను మనసులో అనుకున్నాను, ఒక జడ బాకీ.

ఆవిడ గెలిచింది. జిల్లాలో అందరికంటే ఎక్కువ ఓట్లు. వాటిలో నాదీ ఒకటి. గెలిచిన మర్నాడు కృతజ్ఞతలు చెప్పడానికి వీధి వీధీ తిరిగింది. ఈసారి తలుపులు తెరుచుకున్నాయి. గెలిచినవాళ్ళకి ధైర్యంగా కాల్చొచ్చు. నేను చిల్లర పోగేసి కొనుక్కున్న జడ తీసుకుని గుమ్మంలోకి వచ్చేసరికి మా ఆయన చేతిలోంచి లాక్కున్నారు. "అన్నయ్య పరువేం కావాలే? గుమ్మం నీదనుకున్నావా?" ఆ జడ కొత్త సంవత్సరానికి ఆయనే కాల్చారు. ఆ రోజు నాకు తెలిసింది, ఓటు చాటుగా వేసేదే గానీ, బాకీ చాటుగా తీర్చేది కాదని.

నాలుగేళ్ళ తర్వాత ఆవిడ మళ్ళీ నిలబడింది. అగరొత్తులు వెలిగించి వస్తానని చెప్పి గుడికి వెళ్ళి, స్తంభం పక్కన నిలబడి, గుడి ముందు పెట్టిన సభలో ఆవిడ మాటలు విన్నాను. ఆవిడకి గొంతు వచ్చేసింది. పెద్దగా అరిచే గొంతు కాదు. గుడ్డ కొలిచి కత్తిరించినట్టు మాట్లాడేది.

"మన తీరంలో ఆల్చిప్పలు వలిచే ఆడవాళ్ళ గుర్తింపు కార్డుల మీద, వృత్తి దగ్గర 'లేదు' అని ఉంది. మరి వాళ్ళ చేతిలో కత్తేమిటని సభలో అడిగాను. నవ్వారు. తర్వాతి సమావేశంలో మళ్ళీ అడిగాను. మళ్ళీ నవ్వారు. వాళ్ళు నవ్వడం మానేదాకా అడుగుతాను."

నేను నా చేతులు చూసుకున్నాను. చిప్పలు కోసిన గీతలు, ఉప్పునీళ్ళకి తెల్లబడిన వేళ్ళు. ఎవరో ఈ చేతుల గురించి రాష్ట్ర సభలో, సూట్లు వేసుకున్నవాళ్ళ ముందు, ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ అడిగారు. అమ్మవారి వైపు చూశాను. ఆవిడ ముఖం ఎప్పటిలాగే నల్లగా, ప్రశాంతంగా ఉంది. ఇలాంటి మనిషిని పుట్టించి ఏమీ ఎరగనట్టు కూర్చుంది, అనుకున్నాను. థాంగ్ వదిన రెండోసారీ గెలిచింది. ఆ మర్నాడు గుమ్మంలో అత్తగారు పీట వేసుకుని కూర్చున్నారు. లేవలేదు. నా బాకీ అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత థాంగ్ గారు జైలునుంచి వచ్చారు. మూడో ఎన్నికకి ఆయనే నిలబడ్డారు. "మరి ఆవిడ?" అని నేను నోరు జారితే బావగారు నవ్వారు. "బస్సులో తువ్వాలు వేసి సీటు ఆపుతాం చూడు, ఆవిడ ఆ తువ్వాలు. మనిషొచ్చాక తువ్వాలు తీసెయ్యరూ?" ఆయన పోస్టర్ల మీద, ఆల్చిప్పలు వలిచే ఆడవాళ్ళకి బీమా తెచ్చిన నాయకుడు, అని వేశారు. మాకు బీమా వచ్చిన మాట నిజమే. ఎనిమిదేళ్ళు అడిగితే వచ్చింది. అడిగిన గొంతు ఎవరిదో నేను గుళ్ళో విన్నాను. పోస్టరు మీద ముఖం వేరేది. ఆ పోస్టర్లలో ఆవిడ లారీ మీద ఆయన వెనక నిలబడి, ఆయన ఓట్ల కోసం వంగి దణ్ణం పెడుతోంది.

మొన్నటి ఎన్నికలో థాంగ్ గారు ఇంకా పెద్ద సభకి వెళ్ళిపోయి, ఈ సీటుకి తమ్ముడి కొడుకుని నిలబెట్టారు. అప్పుడు ఆవిడ ఒక్కతీ నిలబడింది. పార్టీ లేదు. పేరు ముందు థాంగ్ తీసేసి, కో యువేషియా అని మాత్రం. ఊరంతా నోరు నొక్కుకుంది.

"మొగుడి అన్నం తిని మొగుడి వంశానికే పోటీనా?" అన్నారు మా ఆయన, నేను వడ్డించిన అన్నం కలుపుతూ.

గుడి ముందు ఈసారి జనం పల్చగా ఉన్నారు. నేను స్తంభం చాటున కాకుండా ముందుకొచ్చి నిలబడ్డాను. ఆవిడ జుట్టు తెల్లబడింది. "మొదటిసారి నా భర్త మీద జాలితో వేశారు. రెండోసారి ఆయన మీద గౌరవంతో వేశారు. రెండుసార్లూ నేను ఆయన బదులు వచ్చాను. ఈసారి నా కోసం నేనే వచ్చాను" అంది. అంతే అంది. చప్పట్లు కొట్టాలో లేదో ఎవరికీ తెలియలేదు. యాభై ఐదేళ్ళు దాటిన మనిషి, గెలవదని తెలిసి, ఇంత మాట ఇంత నెమ్మదిగా ఎలా చెప్పగలిగిందో!

ఆవిడ ఓడిపోయింది. ఆరుగురిలో ఐదోది.

మర్నాడు పొద్దున్నే నేను దుకాణానికి వెళ్ళాను. "గెలిచినాయన లారీ రేపు కదమ్మా వచ్చేది?" అన్నాడు దుకాణదారు.

"నాకు ఇవాళే కావాలి."

ఓడినవాళ్ళు కూడా వచ్చి కృతజ్ఞతలు చెప్పడం మా దగ్గర మర్యాద. చాలామంది కారులో కూర్చుని మైకులో చెప్పుకుంటూ పోతారు. ఆవిడ మధ్యాహ్నం సన్నని జల్లులో నడిచి వచ్చింది. వెనక ఆ పాత డ్రైవరు, ముసలివాడైపోయి, మోపెడ్ తోసుకుంటూ. ఈసారి తలుపులు మూసి లేవు. అన్నీ తెరిచే ఉన్నాయి. లోపల టీవీలు మోగుతున్నాయి. ఎవరూ తల తిప్పలేదు. ఇంతకంటే ఆ మూసిన తలుపులే నయం. అవి కనీసం ఆవిడకి భయపడ్డాయి. ఆవిడ మాత్రం అప్పటిలాగే ఒక్కో గుమ్మానికీ ఆగి వంగుతోంది.

నేను జడ తీసుకెళ్ళి చూరు కింద, ఆ పాత మేకుకే తగిలించాను.

"ఏమే, మతి పోయిందా? గెలిచినవాడు వచ్చేది రేపు!" అన్నారు మా ఆయన లోపలినుంచి.

"రేపటిది మీరు కాల్చుకోండి."

ఆయన లేచి నా చేతుల వైపు చూశారు. నేను ఏమీ దాచలేదు. ఎందుకో ఆయన ముందుకి రాలేదు. నేను దేవుడి గదిలోకి వెళ్ళాను. పండగల్లో మొదటి అగరొత్తి మగవాళ్ళది. మిగిలిన రోజులన్నీ, పొద్దునా సాయంత్రం, ఆ అగరొత్తులు వెలిగించేదీ, బూడిద తీసేదీ, మూడు కప్పుల తేనీరు పెట్టేదీ నేనే. ఇందాక నేను వెలిగించినది ఇంకా వేలెడు మిగిలి కాలుతోంది. అమ్మవారికి దణ్ణం పెట్టి, దాన్ని బూడిదలోంచి తీసుకున్నాను.

గుమ్మంలో అత్తగారు పీట మీద ఉన్నారు, బుట్ట ముందు. ఆవిడకి చూపు ఆనడం లేదు గానీ వేళ్ళు మానలేదు.

"ఏంటే అది? ఎవరు గెలిచారు?"

"ఎవరూ గెలవలేదత్తయ్యా. కో అక్క వచ్చింది."

"ఓడింది కదే! పెళ్ళికి కాలుస్తారు, చావుకి కాలుస్తారు. ఓడినదానికి టపాకాయలేంటి? ఎవరైనా వింటే నవ్వుతారు."

"వచ్చిందని అమ్మవారికి తెలియొద్దా అత్తయ్యా?"

అత్తగారి కత్తి చిప్ప సందులో ఆగిపోయింది. చాలా పాతదేదో విన్నట్టు తల పక్కకి వంచారు. తర్వాత పీట రెండు జానలు వెనక్కి జరుపుకున్నారు.

నేను అగరొత్తితో జడ అంటించాను.

వీధిలో టీవీలన్నీ మునిగిపోయాయి. ఇళ్ళలోంచి తలలు బయటికొచ్చాయి. ఆవిడ మా గుమ్మం ముందు ఆగి, చుట్టూ చూసింది, ఇది ఎవరి కోసమా అన్నట్టు. ఇంకెవరూ లేరు వీధిలో. అప్పుడు ఆ వంగి వంగి అలిసిన నడుము నిటారుగా అయింది. బడినుంచి అప్పుడే వచ్చిన చావ్‌తీ, సంచీ భుజాన వేసుకుని, ఆవిడ పక్కనే ఆగిపోయింది. నా పిల్ల చెవులు మూసుకుంది. ఆవిడ మూసుకోలేదు.

పొగ తగ్గాక ఆవిడ నన్ను అడిగింది, "ఎందుకమ్మా ఇవి? నేను ఓడిపోయాను కదా."

నేను పిల్ల భుజం పట్టుకుని ముందుకి నిలబెట్టాను. "ఈ పిల్ల నెల నిండిన రోజున మీరు ఇక్కడే ఒక జడ కాల్చారు. మేము తిరిగి ఇవ్వలేదు."

ఆవిడకి గుర్తుందో లేదో నాకు తెలియదు. పిల్ల ముఖంలోకి చాలాసేపు చూసింది. "ఎంత ఎదిగావు!" అని, నవ్వి, పక్క గుమ్మం దగ్గరికి నడిచింది. అక్కడ తలుపులో ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు.

ఎర్ర కాగితాలు జల్లుకి తడిసి మా గుమ్మానికి అంటుకుపోయాయి. అత్తగారు నీళ్ళ బకెట్టు అడగలేదు. ఎవరూ ఊడ్వలేదు. ఆ చప్పుడు ఎవరింటిదని అడగడానికి ఆ తర్వాత నేను చంద్రవంక చెక్కలు వెయ్యలేదు.