మూడంగుళాల మొక్కు

సుమలతకు క్యాన్సరని తెలిసినప్పటి నుంచీ చుట్టాలంతా దేవుళ్ల మీద పడ్డారు. పుంగనూరులో ఉండే మరిది నరసింహులు, వదిన బతికి బట్టకడితే ఆమె చేత గుడి చుట్టూ పొర్లుదండాలు పెట్టిస్తానని మొక్కాడు. కుప్పంలో ఆడబిడ్డ కుమారి, వదిన తొమ్మిది శుక్రవారాలు ఒంటిపూట తింటుందని మాట ఇచ్చేసింది. మదనపల్లెలో ఒకే ఇంట్లో ఉండే అత్త ఇందిరమ్మ అయితే ఏకంగా కోడలి తలనీలాలు బోయకొండ గంగమ్మకు రాసిచ్చేసింది. తమ నడుము, తమ పొట్ట, తమ జుట్టు ఇస్తామన్న పుణ్యాత్ములు ఒక్కరూ లేరు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు గానీ, ఇక్కడ కోడలి సొమ్ము అందరూ కలిసి దానం చేశారు.

అత్త మొక్కిన నాటికి కోడలి తల మీద ఒక్క వెంట్రుక లేదు. కీమోకు అన్నీ రాలిపోయాయి. లేని జుట్టు మొక్కడమేమిటని అప్పుడెవరూ అడగలేదు.

ఇప్పుడు వచ్చింది, మూడంగుళాలు. బెంగళూరు డాక్టరు స్కానింగులన్నీ చూసి ‘రెమిషన్’ అన్నాడు. ప్రస్తుతానికి జబ్బు జాడ కనబడడం లేదనీ, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలనీ, అయిదేళ్లు గడిస్తే చాలావరకు నిశ్చింత అనీ వివరించాడు. అందులో ‘కనబడడం లేదు’ వరకే ఇంటిల్లిపాదీ విన్నారు. మిగతాది విన్నది సుమలత ఒక్కతే. కాస్త తల నొచ్చినా, నడుము పట్టేసినా మళ్లీ అదేనేమోనని వణికేది. ఎవరితోనైనా చెప్పుకుందామంటే, "ఇంగ బయం యాల? బాగైపోయిందే!" అని నోరు మూయించేవారు. టమాటా మండీలో పనిచేసే భర్త జనార్దన్‌దీ అదే పాట. ధైర్యం చెప్పడమంటే వినకపోవడమని ఆ ఇంట్లో అర్థం.

పొద్దున్నే అద్దం ముందు నిలబడి ఆ కాస్త జుట్టులోకి వేళ్లు పోనిచ్చినప్పుడు మాత్రం, తను బతికే ఉన్నానని ఆమెకు నమ్మకం కలిగేది. ఉదయం కాఫీ కన్నా ముందు ఆ పనే చేసేది.

అలాంటిది, ఆదివారం కొండకు పోదామని ఇందిరమ్మ కారు మాట్లాడేసింది.

"మూడు కత్తెర్లు ఇస్తాలే అత్తా," అని బేరం పెట్టింది సుమలత.

"గుండు మొక్కి మూడు కత్తెర్లిస్తే గంగమ్మ ఊరుకుంటాదా మే?"

"జబ్బు పోతే కదా గుండు అని మొక్కినావు. పోయిందని ఎవురు చెప్పినారు?"

"డాక్టరే చెప్పినాడే!"

"కనబళ్లేదన్నాడు. పోయిందనలేదు. అయిదేండ్లు సూడాలన్నాడు. అది ఇంకా నా ఒంట్లోనే ఉండాదేమో, ఎవురికి తెలుసు!"

అనేసి తనే అదిరిపడింది. ఇన్నాళ్లూ గొంతులో అడ్డం పడి ఉన్న మాట, చివరికి గుండు తప్పించుకోవడానికి బయటపడింది. ఇందిరమ్మ కుర్చీలో కూలబడింది. జనార్దన్ కారు వద్దని ఫోను చేశాడు.

గెలిచింది గానీ ఆ గెలుపు సుమలతకు అచ్చిరాలేదు. మరునాటి నుంచే ఆమె మళ్లీ రోగి అయిపోయింది. పళ్లెంలో అన్నం పోయి గంజి వచ్చింది. నరసింహులు పుంగనూరు నుంచి ఏదో ఆకు కషాయం పట్టుకొచ్చాడు. కుమారి కుప్పం నుంచి ఫోను చేసి, హలో కూడా అనకుండా ఏడ్చింది. జనార్దన్ భార్య చేతిలోని చీపురు లాక్కున్నాడు గానీ ఇల్లు ఊడ్చలేదు. నాలుగు రోజులు భరించి, అయిదో రోజు పొద్దున్నే సుమలత తలంటుకుని అత్త ముందుకొచ్చింది.

"పద అత్తా కొండకు. గుండే కొట్టించుకుంటాను. నేను బాగుండానని మీరంతా నమ్మితే సాలు."

జుట్టు పోతుందంటే ఏడుపు ముంచుకొస్తున్నా గట్టిగానే అంది.

ఇందిరమ్మ కదల్లేదు. "వొద్దు."

"యాల?"

"నాలుగు దినాలుగా ఆలోచన చేస్తాండాను. మొక్కు తీరిపోతే గంగమ్మకు నీతో ఏం పని? తీరకుంటే, తనకు రావాల్సింది వచ్చేదాకా నిన్ను కనిపెట్టుకోనుంటాది, యాడికీ పోనీదు. ఈ అయిదేండ్లూ నీ తలమీద కత్తెర పడనియ్యను. అప్పటికి నడుముదాకా వస్తాది, కొండకు పోయి అది ఇద్దాం. ఈ బెత్తెడు ఇస్తే ఆ తల్లికి మాత్రం ఏం బాగుంటాది?"

గంగమ్మనే కాపలా పెట్టేసిన ఆ తెలివికి సుమలతకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చేసింది. ఇందిరమ్మ ఆమెను కింద కూర్చోబెట్టి, అప్పుడే తలంటుకుందన్న సంగతి కూడా మరిచి, కొబ్బరినూనె పట్టించడం మొదలుపెట్టింది. జబ్బు చేసిన నాటి నుంచీ రేపు బాగుంటుందన్నవాళ్లే గానీ, అయిదేళ్ల తర్వాత ఫలానా చోటికి పోదామని ఆమెతో అన్న మనిషి అప్పటిదాకా ఒక్కరూ లేరు.