కెమెరా నెత్తిన కూర్చున్న కన్ను

నేను ఒక వ్యూఫైండర్‌ని. అదేమిటని మొహం అలా పెట్టకండి, చెబుతాను. కెమెరా నెత్తిన ఫ్లాష్ బిగించే గాడి ఒకటి ఉంటుంది చూశారా, అందులో దూరి కూర్చునే బొటనవేలంత అద్దాల డబ్బాని. ఒక కన్ను మూసి, రెండో కన్ను నాకు ఆనించి చూశారంటే ఎదుటి లోకమంతా తేటగా కనబడుతుంది. దాని మీద సన్నటి తెల్లగీతలతో ఒక చట్రం తేలుతూ ఉంటుంది. గీతల లోపల ఉన్నది ఫోటోలోకి వస్తుంది, బయట ఉన్నది రాదు. అంతే నా పని. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. ఇంత చాకిరీ చేసి ఏమీ అడగనివాళ్ళు మీ ఇళ్ళల్లోనూ ఒకరిద్దరు ఉండే ఉంటారు, వాళ్ళనడిగితే నా సంగతి ఇంకా బాగా చెబుతారు.

నాకున్న దిగులల్లా ఒక్కటే. చూపించేది నేను, దాచుకునేది కింద ఉన్న లెన్సు. ఎన్ని మొహాలు నా ముందు సర్దుకుని నవ్వాయో! వాటిలో ఒక్కటైనా కాగితం మీద ఎలా వచ్చిందో నాకు ఎవరూ చూపించలేదు. వండినంతసేపూ వంటింట్లో ఉండి, విస్తళ్ళు వేశాక ఎవరూ పిలవని మనిషి బాధ అది. సరే, పోనివ్వండి.

పుట్టింది జపాన్‌లో. తెల్ల తొడుగులు వేసుకున్న ఒక ఆడమనిషి ఊపిరి బిగబట్టి నా అద్దాలు అమర్చింది. ఆ తర్వాత అంత జాగ్రత్తగా నన్ను పట్టుకున్నవాళ్ళు చాలా తక్కువ. మద్రాసులో రంగనాయకులు అనే ఇంజనీరు నన్ను కొని తన చిన్న ఫిల్ము కెమెరాకి తగిలించాడు. ఆయనకి వంతెనల పిచ్చి. వంతెనని పైనుంచి, కిందనుంచి, పక్కనుంచి తీసేవాడు. భార్య ముచ్చటపడి "నన్నొకటి తియ్యండీ" అంటే మాత్రం "ఇప్పుడు వెలుతురు చాలదు" అనేవాడు. వంతెనకి ఎప్పుడూ చాలే వెలుతురు ఆవిడకి ఎందుకు చాలదో నాకు ఈనాటికీ బోధపడలేదు. ఆయన పోయాక కెమెరా తుప్పు పట్టింది. నేను సొరుగులో పడ్డాను. పిల్లలు నన్ను దుర్భిణీ అనుకుని పక్కింటి మామిడికాయలు లెక్కపెట్టారు. చివరికి చేతులు మారి మారి హైదరాబాదు కోఠీలో, కెమెరాల సందులో, జాఫర్ భాయ్ కొట్టు గాజుబల్ల కింద తేలాను.

అప్పటికి కాలం మారిపోయింది. కెమెరాలకి వీపున బొమ్మ కనబడే తెర వచ్చింది. కొట్టుకి వచ్చిన కుర్రాళ్ళు నన్ను చూసి "ఇదేంటి భాయ్, తాళంకప్పా?" అని నవ్వేవారు. ఒళ్ళు మండిపోయేది. ఏం చేస్తాను, నోరు లేదు కదా!

అట్లాంటి రోజుల్లో వచ్చాడు సోమలింగం. పెద్దాపురంలో నలభై ఏళ్ళపాటు ఫోటో స్టూడియో నడిపిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. స్టూడియో మూసేశాక అక్కగారింట్లో వీధి గదిలో ఉంటున్నాడు. ఎవరో బంధువుల పెళ్ళికని హైదరాబాదు వచ్చి, సరిగ్గా ముహూర్తం వేళకి పెళ్ళి వదిలేసి కోఠీకి వచ్చాడు. జేబులోంచి అరచేతిలో పట్టే డిజిటల్ కెమెరా తీసి బల్ల మీద పెట్టాడు.

"దీని నెత్తిన పెట్టుకునే వ్యూఫైండర్ కావాలండీ," అన్నాడు.

"తెర ఉంది గదా సాబ్?"

"ఉందండీ. చేతులు చాపుకుని అందులోకి చూస్తుంటే ఫోటో తీస్తున్నట్టు ఉండదు, పాలు పొంగేయేమోనని చూస్తున్నట్టు ఉంటది. పైగా ఎండలో ఏం కనపడదు. ఇంకా..." అని ఆగి, తన చేతులు బల్ల మీద పెట్టాడు. రెండూ సన్నగా వణుకుతున్నాయి. "చాపితే ఇంకా ఎక్కువ ఊగుతాయండి. నుదుటికి ఆనించుకుంటే నిలబడతాయేమోనని."

జాఫర్ భాయ్ స్టూలు ముందుకి జరిపి కూర్చోమన్నాడు. టీ చెప్పాడు. అప్పుడు బయటికి వచ్చింది అసలు సంగతి.

సోమలింగం అక్క కనకరత్నం. తల్లి పోయినప్పుడు ఇతన్ని చంకనేసుకుని పెంచింది ఆవిడే. ఇప్పుడు ఆవిడ పట్టు ఒక్కటే: తన దండ ఫోటో తమ్ముడే తియ్యాలి. మీకు తెలియనిదేముంది, మనిషి పోయాక గోడకి తగిలించి దండ వేసే ఫోటో. పెద్దాపురంలో ఏ ఇంట్లో చూసినా ఆ ఫోటో సోమలింగం తీసిందే. బతికున్నప్పుడు తీయించుకోనివాళ్ళకి చచ్చాక రేషను కార్డు మీది మొహాన్ని పెద్దది చేసి ఇచ్చిన రోజులూ ఉన్నాయి. అలా వచ్చిన మొహాలు ఆవిడకి గిట్టవు. "నాకు మాత్రం ముందే తియ్యరా, చక్కగా కూర్చుని తీయించుకుంటాను" అంటుంది. ఇతను ఇవాళ రేపు అని దాటేస్తున్నాడు. చాటుగా తీసి చూసుకుంటే అన్నీ అలికినట్టు వచ్చాయి. అక్కతో ఆ మాట చెప్పడానికి నోరు రాదు. వేరేవాళ్ళ చేత తీయిస్తే ఆవిడ ఒప్పుకోదు. ఆవిడకి ఎనభై దాటిపోయింది.

జాఫర్ భాయ్ నన్నూ, కొట్టులో ఉన్న ఇంకో రెండు వ్యూఫైండర్లనీ బల్ల మీద వరసగా నిలబెట్టాడు. పెళ్ళిచూపులే అనుకోండి! మొదటిది కొత్తది, నల్లటి ప్లాస్టిక్, నిగనిగలాడుతోంది. రెండోది మీట తిప్పితే దగ్గరికీ దూరానికీ మారే రకం, మాటకారి పిల్లలాగా కిటకిటమంది. మూడోదాన్ని నేను. అంచుల్లో నలుపు లేచిపోయి లోపలి ఇత్తడి బయటపడింది. ఎవరు చేసుకుంటారులే అని ఊరుకున్నాను.

సోమలింగం మొదటిదాన్ని కంటికి పెట్టుకుని "బాగుంది గానీ గీతలేవండీ?" అన్నాడు. రెండోదాన్ని పెట్టుకుని "సొరంగంలో ఉన్నట్టుంది" అన్నాడు. నన్ను ఎత్తాడు. ఎత్తినవాడు దించలేదు. సందు చివర పళ్ళబండి దాకా చూశాడు. పళ్ళు కొంటున్న ముసలామెని గీతల్లోకి తెచ్చుకున్నాడు. ఊపిరి తీసుకోవడం కూడా మరిచిపోయినట్టున్నాడు.

"ఇదే. నా పాత కెమెరాలో గీతలు అచ్చం ఇలాగే ఉండేవి," అన్నాడు.

జాఫర్ భాయ్ నిజాయతీపరుడు. "సాబ్, గిది మీ కెమెరాకు సరిపోదు. మీ లెన్స్ ఇంకా వెడల్పు చూస్తది, ఇది తక్కువ చూపిస్తది. గీతల అవతలిది కూడా ఫోటోల వస్తది. ఆ ప్లాస్టిక్‌దే కరెక్టు."

"తెలుసండీ. ఎక్కువొస్తే కత్తిరించుకుంటాను. దీంట్లో అయితే గీతల బయట నిలబడ్డవాళ్ళు కూడా కనపడతారు. వచ్చేవాళ్ళెవరో, వెళ్ళేవాళ్ళెవరో తెలుస్తది. అలా చూస్తూ తియ్యడం అలవాటైపోయింది నాకు."

సరిపోనిదాన్ని తెలిసి తెలిసి ఎంచుకున్నవాణ్ణి నేను అప్పుడే చూశాను. అంతకాలం గాజుబల్ల కింద పడి ఉన్నదాన్ని, సంతోషం పట్టలేకపోయాను. రైల్లో ఆయన నన్ను జేబులో పెట్టుకోలేదు, పెద్దాపురం దాకా పిడికిట్లోనే ఉంచుకున్నాడు.

మర్నాడే ఫోటోకి ముహూర్తం పెట్టేశారు. కనకరత్నం తలంటుకుని ఉప్పాడ చీర కట్టింది. కోడలు ఉమ హాల్లో ఉన్న బీరువా తెరిచి చీర తీసి ఇచ్చిన హడావిడిలో తలుపు సగం వేసి సగం వదిలేసింది. ఆ తలుపుకి నిలువుటద్దం. హాల్లో కుర్చీ వేసి, వీధి గుమ్మంలోంచి వచ్చే వెలుగు ఆవిడ మొహం మీద పడేలా ఇతను తిప్పాడు, జరిపాడు, మళ్ళీ తిప్పాడు.

"నన్ను కూర్చోబెడుతున్నావా, ధాన్యం బస్తాని సర్దుతున్నావా?" అంది ఆవిడ.

"కదలకే అక్కా."

"బీరువా తలుపు వేసెయ్యనా మావయ్యగారూ?" అంది ఉమ.

"ఉండనీయమ్మా, అది గీతల బయట ఉంది. వచ్చినా ఎలాగూ కత్తిరించేస్తాను."

నన్ను కంటికి ఆనించుకున్నాడు. కెమెరాని నుదుటికి గట్టిగా అదిమాడు. మోచేతులు డొక్కలకి నొక్కిపెట్టాడు. వణుకు అలాగే ఉంది, నా ఒంటికి తెలుస్తూనే ఉంది, కానీ నుదురు దాన్ని పట్టి ఆపింది. నా గీతల మధ్య ఆవిడ బొమ్మ కదలకుండా నిలిచింది. దండ ఫోటోకి తగ్గట్టు మూతి బిగించి, పెద్దరికం తెచ్చిపెట్టుకుని కూర్చుంది. సోమలింగం తీయలేదు. ఎదురు చూస్తున్నాడు.

"తియ్యవేంట్రా? నీ చెయ్యి వణుకుతుందనా? నాకు తెలీదనుకున్నావేంటి! అన్నం కలుపుకునేటప్పుడు చూస్తూనే ఉన్నాను గదా. నా దగ్గర దాస్తాడంట, వెధవ!"

ఆ 'వెధవ' అనే మాట దగ్గర ఆవిడ మొహం విచ్చుకుంది. కోపమూ నవ్వూ కలిసిపోయి, కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. ఆ క్షణాన మీట నొక్కాడు. నా మీద ఒక నీటిచుక్క పడింది. అది ఆయనదే. తుడవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.

రెండు రోజులకి కాకినాడ నుంచి ప్రింటు వచ్చింది. నేను కెమెరా మీద, బల్ల పైన ఉన్నాను. ఎవరో చల్లని మనిషి, ఉమే అయ్యుంటుంది, కవరు చించి ఫోటోని నాకెదురుగా గోడకి ఆనించింది. నా జన్మలో నేను చూసిన మొదటి ఫోటో అది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు కళ్ళు చెదిరాయి. ఆవిడ అచ్చంగా అలాగే ఉంది, పిలిస్తే పలికేటట్టు. నా గీతల అవతల ఉన్నవన్నీ కూడా దర్జాగా వచ్చి కూర్చున్నాయి. తీగ మీద ఆరేసిన తువ్వాలు, గోడవారన ఎండుమిరపకాయల బుట్ట, సగం తెరిచిన బీరువా తలుపు. ఆ తలుపు అద్దంలో ఒక బక్కపలచటి మనిషి, మోచేతులు డొక్కలకి నొక్కుకుని, నుదుటికి కెమెరా ఆనించుకుని నిలబడి ఉన్నాడు. ఆయన కంటి దగ్గర ఒక చిన్న చుక్క మెరుస్తోంది. అది నేనే!

సోమలింగం పెన్సిలు తీశాడు. "ఇదిగో, ఇక్కడినుంచి ఇక్కడిదాకా కోసేస్తే సరి. మెడ నుంచి పైకి నిండుగా వస్తావు."

కనకరత్నం కళ్ళజోడు సర్దుకుని ఫోటోని మొహం దగ్గరికి తెచ్చుకుంది. "ఈ మూల ఉన్నదెవర్రా?"

"నేనేలే. అద్దంలో పడ్డాను. కోస్తే పోతుంది."

"కోశావంటే ఊరుకోను."

"దండ ఫోటోలో బీరువా ఏంటే? మిరపకాయలేంటి? ఊళ్ళో నవ్వుతారు. నలభై ఏళ్ళ పనిమంతుణ్ణి, నా పరువేం కాను?"

"నీ పరువు సంగతి నాకెందుకు? నేనొక్కదాన్నే గోడ మీద కూర్చుని ఏం చేస్తాను? నువ్వుంటే పక్కన మాటకైనా తోడుంటావు. ఇలాగే ఫ్రేము కట్టించుకురా."

ఇద్దరూ పోట్లాడుకున్నారు. ఆ పూట ఆయన అలిగి భోంచెయ్యలేదు కూడా. డెబ్బై దాటినవాళ్ళు చిన్నపిల్లల్లా అలగడం నాకు భలే సరదాగా అనిపించింది. నా వాటాకి నేను మనసులో అక్కగారి పక్షమే. నన్ను కూడా కోసేస్తారని భయం వేసింది మరి. చివరికి ఆవిడ మాటే నెగ్గింది. ఫ్రేము కట్టిన ఫోటోని బతికుండగా గోడకి పెట్టకూడదని తువ్వాలు చుట్టి బీరువాలో అడుగున దాచింది. నన్నూ కెమెరానూ సోమలింగం కిటికీ అరలో పెట్టుకున్నాడు. రోజూ నా అద్దాలు పంచె చెంగుతో తుడిచేవాడు.

ఆ ఏడు తొలకరి పడిన కొత్తలో, ఒక మధ్యాహ్నం భోంచేసి కునుకు తీసిన సోమలింగం మళ్ళీ లేవలేదు.

అక్క ఏడ్చిన ఏడుపు గురించి నేను చెప్పలేను. వంతెనలు చూశాను, ఊళ్ళు చూశాను, అలాంటి ఏడుపు చూడలేదు.

జరగవలసినవి జరిగాక, పదకొండో రోజున వచ్చినవాళ్ళు ఫోటో ఏదన్నారు. ఫోటో ఎక్కడుంది? ఊరందరి మొహాలూ తీసినవాణ్ణి తీసినవాళ్ళు ఎవరున్నారు? ఎంత వెతికినా ఆధార్ కార్డు ఒక్కటే దొరికింది. అందులో ఆయన ఆయనలా లేడు, పోలీసులు వెతుకుతున్నవాడిలా ఉన్నాడు. దాన్నే పెద్దది చేయిద్దామని ఎవరో అన్నారు.

"వద్దు," అంది కనకరత్నం. లేచి, గోడ పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళి, బీరువా అడుగునుంచి తువ్వాలు చుట్టిన ఫ్రేము తీసుకొచ్చింది. ఉమ చేత నా అరకి ఎదురుగా మేకు కొట్టించి తగిలించింది. "దండ ఇలా ఇయ్యి."

ఉమ దండ పట్టుకుని నిలబడిపోయింది. "అత్తయ్యగారూ, ఇందులో మీరు కూడా ఉన్నారు కదండీ. బతికున్నవాళ్ళకి దండ వెయ్యకూడదు. అరిష్టం."

"వాడివైపే వేస్తాలేవే."

ఆవిడ పీట ఎక్కింది. ఉమ నడుం పట్టుకుంది. చేమంతుల దండని ఫ్రేము మూలకి, అద్దంలో ఆయన ఉన్న వైపుకి తగిలించింది. దండ జారి మధ్యకి, ఆవిడ బొమ్మ మీదికి వచ్చేసింది. మళ్ళీ మూలకి జరిపింది. మళ్ళీ జారింది. ఈసారి చెయ్యి అక్కడే ఉంచి పట్టుకుంది. ఆ చెయ్యి కూడా వణుకుతోంది. గదిలో అందరూ చూస్తున్నారు.

కాసేపటికి చెయ్యి తీసేసింది. దండ మధ్యలోకి వచ్చి ఇద్దరి మీదా పడింది.

"పోనీ ఉండనీరా, చోటు సరిపోద్దిలే," అంది ఆయనతో.