ఒక్కరికే పనిచేసిన మందు

డ్రైవింగ్ స్కూలు మేడమ్‌కి జబ్బు ఆనవాలు కూడా లేదని డాక్టరమ్మ చెప్పగానే, తమ్ముడు అక్కడికక్కడే చుట్టాలందరికీ ఫోన్లు కలిపాడు. "మా అక్క మొండిఘటం, క్యాన్సర్‌నే గెలిచింది" అని వరండా అంతా వినపడేలా చెప్పాడు. ఆవిడ నవ్వి ఊరుకుంది. గెలవడానికి తాను చేసిందేముంది? మంచం మీద పడుకుంది, అంతే.

అది ఇంకా ప్రయోగదశలో ఉన్న వైద్యం. రక్తంలోని రక్షణ కణాలను బయటికి తీసి, ల్యాబులో వాటికి క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టే విద్య నేర్పి, మళ్ళీ ఒంట్లోకి ఎక్కిస్తారు. ఆ విడతలో ఆవిడతోపాటు చేరిన కొద్దిమందిలో ఒక లెక్కల మాస్టారు ఉండేవాడు.

"నా కణాలు వెనక బెంచీ బాపతు మేడమ్. ఎంత చెప్పినా తలకెక్కదు" అనేవాడాయన.

"మీరు చెప్పే పాఠమైతే ఎక్కదులెండి" అనేది ఆవిడ.

మాస్టారి భార్య నవ్వాపుకుంటూ ఫ్లాస్కులోంచి ఇద్దరికీ టీ పోసేది. పరీక్షల కోసం హాల్లో కూర్చునే పూటలన్నీ అలా గడిచిపోయేవి. ఇంట్లో ఒక్కతే ఉండే మనిషికి ఆ కుర్చీల వరసే సంసారమైంది.

ఆ తర్వాత కుర్చీలు ఖాళీ కావడం మొదలైంది. కొందరికి జబ్బు అసలు లొంగలేదు. మాస్టారికి లొంగినట్టే లొంగి తిరగబెట్టింది. ఎండలు ముదిరేసరికి ఆయనా పోయాడు. ఆ విడతవాళ్ళలో ఆవిడ ఒక్కతే మిగిలింది.

"అందరికీ అదే మందు కదా. నాకే ఎందుకు పనిచేసింది?" అని డాక్టరమ్మని అడిగింది.

"నిజం చెప్పాలంటే మాకింకా తెలియదు. కొందరి ఒంట్లో ఆ కణాలు కొన్నాళ్ళు పోరాడి అలసిపోతాయి. మీవి ఇంకా కాపలా కాస్తున్నాయి. ఆ తేడా ఏమిటో దొరికితే తర్వాతివాళ్ళ కణాలను ఇంకాస్త గట్టిగా తయారుచెయ్యొచ్చు. అందుకే మీ రక్తం అడుగుతున్నాం."

అడిగినప్పుడల్లా వెళ్ళి ఇచ్చి వస్తోంది. ఇంటికొచ్చాక ముద్ద దిగదు. తమ్ముడితో చెప్పబోతే, "బతికి బట్టకట్టావు, ఇంకా ఏడుపు మొహమేంటక్కా?" అన్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఒక ఆదివారం మాస్టారింటికి బయల్దేరింది. అంతకుముందు కూడా వీధి మలుపు దాకా వెళ్ళి, ఏ మొహం పెట్టుకుని వెళ్ళనని కారు వెనక్కి తిప్పేసింది. ఈసారి తలుపు తట్టింది. మాస్టారి భార్య తలుపు తీసి, తేరుకున్న బుగ్గల్నీ, భుజాల దాకా పెరిగిన జుట్టునీ చూసింది.

"బాగున్నావమ్మా."

"బాగానే ఉన్నాను వదినగారూ."

"ఆయనకిచ్చిందే కదా నీకూ ఇచ్చింది?"

"అదే."

కూర్చోమంది. ఫ్యాను వేసి తానూ ఎదురుగా కూర్చుంది.

"ఏమీ అనుకోకు" అంది. "నిన్ను చూసి సంతోషించాలని నాకూ ఉంది. మనసు రావడం లేదు. తప్పు నీది కాదు, నాదీ కాదు. కొన్నాళ్ళు ఇటు రాకమ్మా."

"రానులెండి" అంది మేడమ్.

కారెక్కాక, జబ్బు పడ్డప్పటినుంచి రాని ఏడుపు అప్పుడు ముంచుకొచ్చింది. కోపం మాత్రం రాలేదు. తన బతుకుని పండగ చెయ్యకుండా, ఉన్నదున్నట్టు చూసిన మనిషి ఈ లోకంలో ఆమె ఒక్కతే అనిపించింది. ఆ గుమ్మం కూడా మూసుకుపోయింది.

తర్వాత రక్తం ఇవ్వడానికి వెళ్ళేసరికి హాల్లో కొత్త విడతవాళ్ళున్నారు. పక్కనే తలకి గుడ్డ చుట్టుకున్న ఒకామె పలకరించింది.

"మీకు నయమైందట కదా! మీతో చేరినవాళ్ళంతా బాగున్నారా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"లేరమ్మా. నేనొక్కదాన్నే. మా అందరి రక్తమూ చూశాక మీ మందు తయారీ కొంత మార్చారట. పనిచేస్తుందని చెప్పలేను, చెయ్యదనీ చెప్పలేను."

ఆమె మొహం పాలిపోయింది. కాసేపటికి సంచీ తీసుకుని లేచి, అవతల కిటికీ దగ్గర కూర్చుంది. మేడమ్ అటు చూడలేదు. నర్సు పిలిస్తే లోపలికి వెళ్ళి రక్తమిచ్చి, డ్రైవింగ్ స్కూల్లో కొత్తగా చేరిన అమ్మాయికి కారు రివర్సు చెయ్యడం నేర్పాల్సిన వేళైందని బయల్దేరింది.