బెంచీ పైన బోర్డు

ఇస్త్రీ హాల్లో అందరూ ఆమెను అంచనాలమ్మ అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది పగవాళ్ళు కాదు, అదే హాల్లో పనిచేసే సొంత తోడికోడలే. ఆవిడ సాయంత్రం చదువు క్లాసుకు అక్షరాల కోసం కాదు, అక్కకు తోడుగా వచ్చి గోడకు ఆనుకుని కునుకు తీసేది. ఓరోజు పాఠంలో గొడుగు బొమ్మ వచ్చింది. కింద ఉన్న మాట చదవమంటే, అక్కగారు దాని మీద వేలు ఆడించి, బొమ్మ వంక ఓరగా చూసి, "గొడుగు" అని ధీమాగా చెప్పేసింది. అక్కడ రాసి ఉన్నది "వాన".

"అత్తా, నువ్వు చదవట్లేదు, చెబుతున్నావు. కాగితం మీద ఉన్నది చదవాలి, నీకు తెలిసింది కాదు" అంది పంతులమ్మ. ఆ పిల్ల ఆమె కూతురి ఈడుది. క్లాసంతా పగలబడి నవ్వింది. తోడికోడలు కునుకులోంచి లేచి మరీ నవ్వింది.

అయినా నాలుగు నెలలు తిరిగేసరికి అక్షరాలు లొంగాయి. ఇక చూడాలి ఆమె సంబరం. బస్సుల వెనక, సబ్బు పెట్టెల మీద, దుకాణం తలుపుల మీద, ఎక్కడ అక్షరం కనబడితే అక్కడ ఆగిపోయేది. "తోయండి" అని చదివి తలుపు తోసేది. అది తెరుచుకుంటే తన చదువుకే తెరుచుకుందన్నట్టు పొంగిపోయేది. మొగుడి చేనేత చొక్కా మెడ వెనక తెలుగులో రాసి కుట్టిన చీటీని కూడా వదల్లేదు.

"ఏంటే, నన్ను చన్నీళ్ళలో ఉతకమని ఉందా?" అని ఆయన అడిగాడు.

"గట్టిగా పిండొద్దని కూడా ఉంది. ఇన్నాళ్ళూ తెలియక పిండేశాను" అంది.

యాభై రెండేళ్ళ మనిషికి కాళ్ళు నేల మీద ఆనడం లేదు. అలా అనుకోవడానికి బాగుంటుంది గానీ, పనిలోకి వచ్చాక ఆ కాళ్ళు నేల మీద తప్ప ఇంకెక్కడా ఆనేవి కావు. అది హోటళ్ళ దుప్పట్లు ఇస్త్రీ చేసే హాలు. ఏడుగురు ఆడవాళ్ళు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇస్త్రీ బల్లల ముందు నిలబడే ఉండాలి. మధ్యాహ్నానికి పాదాలు ఉబ్బి చెప్పులు పట్టేవి కావు. గోడవార ఓ పొడుగాటి బెంచీ ఉంది గానీ, దాని నిండా దిండు గలీబుల గుట్ట. దాని పైన ఓ బోర్డు. బట్టల నూగు పట్టి బూడిదరంగుకు తిరిగిపోయింది.

"అక్కడ ఏం రాసుందో తెలుసుగా? కూర్చోకూడదు, కబుర్లాడకూడదు" అని పెద్దక్క పదకొండేళ్ళుగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది. పెద్దక్క అంటే సూపర్‌వైజరు. తనూ ఒకప్పుడు ఇస్త్రీ బల్ల ముందు నిలబడిన మనిషే. వెనకటి సూపర్‌వైజరు తనకు చెప్పిందే వీళ్ళకు చెప్పేది.

ఆ వారం యజమాని చూడ్డానికి వస్తున్నాడని హాలంతా దులిపించారు. బోర్డు అంచనాలమ్మ వంతుకు వచ్చింది. తడిగుడ్డ పట్టుకుని ఎత్తు పీట ఎక్కింది. తుడిచే కొద్దీ అక్షరాలు బయటపడుతున్నాయి. "కూర్చోకూడదు" అన్న మాట కోసం ఆమె వెతికింది. అది లేదు. మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"నిలబడి పనిచేసేవారు ప్రతి రెండు గంటలకు పావుగంట కూర్చోవాలి. ఈ బెంచీ అందుకే" అని పైకి చదివింది.

"మళ్ళీ గొడుగేనా అక్కా?" అంది తోడికోడలు. అంతే, ఇస్త్రీ పెట్టెలు పక్కన పెట్టి మరీ నవ్వారు.

"కాళ్ళు నొప్పి పుడితే బోర్డు కూడా కూర్చోమంటుంది పాపం" అంది ఇంకొకావిడ.

అంచనాలమ్మకు నవ్వు రాలేదు. నిజంగా తనే పప్పులో కాలేసిందా? ఇవాళ ఇది తప్పని తేలితే, ఇక జన్మలో ఎవరి ముందూ నోరు తెరిచి చదవడం తనవల్ల కాదు. ఆ సంగతి ఆమెకు స్పష్టంగా తెలిసింది. భయం వేసింది.

"మనకెవరికీ అక్షరం రాదాయె. పెద్దక్కను చదవమంటే సరి, గొడవ వదిలిపోతుంది" అన్నారెవరో.

అందరూ అటు తిరిగారు. పెద్దక్క నడుము దగ్గర తడుముకుంది. "కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను" అంది.

పీట మీది నుంచి అంచనాలమ్మ ఆమె ముఖంలోకి చూసింది. పదకొండేళ్ళలో పెద్దక్క ముఖాన కళ్ళజోడు చూసిన పాపాన పోలేదు. పైగా ఆ మాట ఆమెకు కొత్త కాదు. ఆసుపత్రిలో, బ్యాంకులో, పిల్లల బడిలో, "కళ్ళజోడు మర్చిపోయానండీ, కాస్త మీరే చదివిపెట్టండి" అని ముప్పై ఏళ్ళు తనే చెప్పింది. తనకూ ఏనాడూ కళ్ళజోడు లేదు.

ఒక్క మాట అంటే చాలు, గెలిచేస్తుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"మీరు వినండి పెద్దక్కా, చాలు. తప్పయితే ఆపండి" అంది. ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ, చివరి చుక్క దాకా చదివింది. తర్వాత తోడికోడలి వైపు తిరిగింది.

"నేను ఊహిస్తే నాకు తెలిసిందే ఊహిస్తాను కదే. పదకొండేళ్ళుగా నాకు తెలిసింది కూర్చోకూడదనే. కూర్చోమని ఈ హాల్లో నాకెవరు చెప్పారు, ఊహించడానికి?"

తోడికోడలు ఇస్త్రీ పెట్టె మళ్ళీ చేతికి తీసుకుంది.

పెద్దక్క బోర్డు వంక ఒకసారి చూసింది. తర్వాత సూపర్‌వైజరు గొంతుతోనే అంది. "సరిగ్గానే చదివింది. ఆ గలీబులు తీయండి."

ఇంక ఆ గోల చెప్పనలవి కాదు. గలీబులు గాల్లోకి లేచాయి. ఐదుగురు పట్టే బెంచీ మీద ఏడుగురూ ఎక్కారు. తోడికోడలు అక్క ఒళ్ళోకి ఎక్కి కూర్చుంది. చెప్పులు విడిచిన పద్నాలుగు పాదాలు వరసగా చాచుకుని, వేళ్ళు ఆడించుకుంటూ, ఊరికే నవ్వుకున్నారు. ఊరుకోమని ఒకరు అనడం, ఆ అన్నావిడే మళ్ళీ మొదలుపెట్టడం.

పెద్దక్క ఒక్కతే నిలబడి ఉంది. అంచనాలమ్మ తోడికోడల్ని కిందికి తోసి, పక్కకు జరిగి, జానెడు చోటు చేసింది. పెద్దక్క వచ్చి ఆ జానెడులోనే ఇరుక్కుని కూర్చుంది. గట్టిగా ఊపిరి వదిలింది.

కాసేపటికి, ఎవరికీ వినపడకుండా అడిగింది. "ఆ క్లాసు ఎన్నింటికి?"

"ఆరింటికి" అంది అంచనాలమ్మ, అంతే మెల్లగా. "కళ్ళజోడు అక్కర్లేదు."